అమ్మ పాదం కింద పేరు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కొన్ని వారాల పాటు ఒక ఫోటో ఉండేది. అందులో ముఖాలు లేవు, పాదాలే ఉన్నాయి. నా నల్ల బూట్లు, నా భార్య బూడిదరంగు బూట్లు, మా అమ్మాయి గులాబీ లేసుల కాన్వాసు బూట్లు, చివరన మా అమ్మ పాదాలు. అమ్మ మాత్రం చెప్పులు విడిచి మేజోళ్ళతో నిలబడింది. మా ముగ్గురి బూట్ల ముందు, రాళ్ళు పరిచిన నేలలో, అరచేయంత ఇత్తడి పలకలు మూడు మెరుస్తుంటాయి. నాలుగో పలక అమ్మ పాదం కింద ఉంది. ఆ సెలవుల్లో తీసిన ఫోటోలన్నిటిలో ఇదే బాగుందని మా అమ్మాయి దాన్ని ప్రింటు తీయించి అతికించింది.

ఆ ఊరు ప్రాగ్. దోహా నుంచి అక్కడికి తిన్నగా విమానం ఉంది. మా నలుగురికీ ఖతర్ రెసిడెన్సీ ఉండటం వల్ల వీసాకు పెద్ద ఇబ్బంది కాలేదు. వెళ్ళేముందు అమ్మ మా ఊళ్ళో చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా మేనత్త, "దుబాయ్‌ల ఇంకో ఊరు గట్టిండ్రా ఏంది?" అని అడిగింది. అమ్మ విసుక్కోకుండా, "దుబాయ్ కాదు వదినె, ఇది తెల్లోళ్ళ ఊరు. నా కొడుకు దాన్ని మొత్తం చదివిండు" అని చెప్పింది.

నిజమే, చదివాను. నేను బళ్ళో చదివింది పదో తరగతి దాకానే. మిగతాదంతా జగిత్యాల జిల్లాలో మా మండలం శాఖా గ్రంథాలయంలో చదివాను. ఖతర్‌కు సైటు హెల్పర్‌గా వచ్చి ఉమ్ సలాల్ వైపు క్యాంపులో ఉన్నప్పుడు, శుక్రవారం తోటివాళ్ళు బట్టలు ఉతుక్కుంటుంటే నేను పాత ఇంగ్లీషు పేపర్లు ముందేసుకుని డిక్షనరీతో కుస్తీ పట్టేవాణ్ణి. ఆ ఇంగ్లీషుతోనే కంపెనీ ఆఫీసులో కాగితాల పని దొరికింది. ఫ్యామిలీ వీసా వచ్చింది. అల్ వుకైర్‌లో ఇల్లు తీసుకున్నాం. ఇప్పుడు దోహాలోని పెద్ద లైబ్రరీలో నాకు కార్డు ఉంది. నా పర్సులో అన్నిటికన్నా పైన ఉండే కార్డు అదే. ఏ ఊరికైనా ముందు పుస్తకాల్లో వెళ్ళి, తర్వాత కాళ్ళతో వెళ్ళాలని నా నియమం. ప్రాగ్ గురించి లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. రాజుల వరసలు, వంతెన కట్టిన తీరు, పాత గడియారం లోపల చక్రాలు ఎలా తిరుగుతాయో కూడా.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందుకని తొందర పెట్టుకోలేదు. పొద్దున ట్రాములో నది దాకా వెళ్ళడం, బెంచీ దొరికిన చోటల్లా కూర్చోవడం, ఎర్ర పెంకుల ఇళ్ళను చూస్తూ డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తినడం. దోహాలో ఆ ఎండాకాలం గడప దాటితే మొహం మీద సెగ కొడుతుంది. అక్కడ అమ్మ శాలువా కప్పుకుని, "ఏసీ బయట పెట్టిండ్రు గదరా" అని నవ్వేది.

పాత గడియారం కింద జనంతో పాటు మేమూ తలలెత్తి నిలబడ్డాం. గంట కొట్టే వేళకు ఒక అస్థిపంజరం బొమ్మ తాడు లాగుతుంది. దాని అర్థం ఏమిటో నేను వివరిస్తుంటే అమ్మ చేయెత్తి ఆపింది. "అర్థమైంది తీ. యముడు. మనకు దున్నపోతు మీద వస్తడు, వీళ్ళకు టైముకు వస్తడు."

వంతెన మీద ఒక విగ్రహం కింద ఇత్తడి ఫలకం ఉంది. వచ్చినవాళ్ళందరూ దాన్ని ముట్టుకుని పోతుంటారు. ముట్టుకున్న మేర బంగారంలా మెరుస్తోంది. అలా ముట్టుకుంటే మంచి జరుగుతుందని అక్కడివాళ్ళ నమ్మకమని నేను చెప్పేలోపే అమ్మ దాన్ని ముట్టుకుని చేతిని కళ్ళకు అద్దుకుంది.

మర్నాడు ఒక గోడ పక్కన పెద్ద వరస కనిపించింది. అక్కడేముందని అమ్మ అడిగింది. అది యూదుల పాత శ్మశానం. పక్కనే ఉన్న ప్రార్థనా మందిరం గోడల నిండా యుద్ధంలో చంపబడినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయని నేను చదివాను. నాకు లోపలికి వెళ్ళాలనే ఉంది. కాని శ్మశానం అనగానే అమ్మ ఆగిపోయింది. విహారానికి వచ్చి శ్మశానంలోకి పోతారా, పోతే తలస్నానం చేయకుండా ఏమైనా తింటారా అంది. చిన్నపిల్లను తీసుకుని ఆ పేర్ల మధ్యకు వెళ్ళడం నాకూ సబబనిపించలేదు. నది వైపు తిరిగాం. చనిపోయినవాళ్ళను పక్కన పెట్టి, మంచి వీధుల్లో తిరుగుదామనుకున్నాం.

ఆ మంచి వీధుల్లో ఒకదానిలోనే మా అమ్మాయికి ఇత్తడి పలకలు కనిపించాయి. పసుపురంగు పాత ఇల్లు, చెక్కిన తలుపు, తలుపు ముందు కాలిబాటలో రాళ్ళతో సమానంగా నాలుగు పలకలు. ఒక్కో దాని మీద ఒక్కో పేరు, కింద అర్థం కాని చెక్ భాషలో కొన్ని మాటలు, ఏళ్ళు. నేను చదివిన పుస్తకాల్లో వీటి ఊసు లేదు. ఏమిటివని మా అమ్మాయి నా వైపు చూసింది. నేను ఇంకా ఆలోచిస్తున్నాను. అమ్మ ముందుకు వచ్చి వంగకుండానే చూసి, తేల్చేసింది.

"దాతల పేర్లు గదా. మన గుట్ట మీద మెట్లకు లేవా?"

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న సుతారి. ఇళ్ళు కట్టాడు, బావులకు ఒడ్డు కట్టాడు. ఆయన పోయిన తర్వాత అమ్మ మా జిల్లాలో గుట్ట మీది గుడికి ఒక మెట్టు రాయి ఇచ్చింది. దాని మీద నాన్న పేరు చెక్కించింది. మా వైపు అలా ఇచ్చేవాళ్ళు పేరు గోడ మీద రాయించుకోరు, కాళ్ళ కింద రాయించుకుంటారు. దేవుణ్ణి చూడటానికి పోయే ప్రతి మనిషి పాదం ఆ పేరు మీద పడాలి. పడిన ప్రతిసారీ పేరున్న మనిషికి పుణ్యం. ఊరికి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఆ మెట్టు పక్కన కూర్చుని ఎక్కేవాళ్ళను చూస్తుంది. ఎవరైనా పేరు చూసి పక్కకు అడుగు వేస్తే పిలిచి మరీ, "తొక్కు బిడ్డా, ఏం గాదు, తొక్కు" అంటుంది.

అమ్మ మాట నాకు సరిగ్గా అతికినట్టనిపించింది. ఐరోపాలో కూడా పెద్ద చర్చీల నేలల మీద పేర్లు చెక్కిన రాళ్ళుంటాయని నాకు తెలుసు. అంతకు ముందు రోజే జనం ఇత్తడిని ముట్టుకుని మొక్కడం చూశాను. పేర్లు నోరు తిరగక ఏళ్ళు మాత్రం పైకి చదివాను. మొదటిది పుట్టిన ఏడాది, రెండోది దానం చేసిన ఏడాది అయ్యుంటుందన్నాను. రెండో ఏడాది నలుగురికీ ఒకటే. ఇంటిల్లిపాదీ కలిసి ఒకేసారి ఇచ్చారన్నమాట అన్నాను. నాలుగో పలక మీది రెండు ఏళ్ళకూ మధ్య తేడా ఎంతో లేదు. "సూడు, పాలు తాగే పిల్లగాని పేరు మీద గూడ ఇచ్చిండ్రు" అని అమ్మ మురిసిపోయింది.

వెంటనే చెప్పులు విడిచింది. మా అమ్మాయి ఫోటో తీస్తానని మమ్మల్ని వరసగా నిలబెట్టింది. పేర్లు కనబడాలి కాబట్టి బూట్లు పలకల అంచుకు ఆనించి పెట్టమంది. మేం ముగ్గురం అలాగే పెట్టాం. అమ్మ ఒప్పుకోలేదు. అంచున నిలబడితే ఏం లాభం అని రెండు పాదాలూ నిండుగా నాలుగో పలక మీద మోపింది. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది కూడా. ఆ బిడ్డకు మంచి జరగాలని మొక్కానని తర్వాత చెప్పింది.

అదే సమయానికి చిన్న కుక్కను పట్టుకుని ఒక ముసలామె అటు వచ్చింది. మమ్మల్ని, అమ్మ పక్కన విడిచిన చెప్పులను, మేజోళ్ళ పాదాలను చూసి ఆగిపోయింది. తన భాషలో ఏదో అంది. మేం నవ్వి నమస్కారం పెట్టాం. ఆమె నవ్వలేదు, కదల్లేదు. వీధి మలుపు తిరిగేటప్పుడు నేను వెనక్కి చూస్తే ఇంకా మా వైపే చూస్తోంది. ఆమె ముఖాన్ని ఇప్పటికీ పదేపదే గుర్తు చేసుకుంటాను. అది కోపమో, మరేదో తేల్చుకోలేను.

ఆ తర్వాత రెండు రోజులూ అమ్మ నేల చూస్తూనే నడిచింది. ఇత్తడి పలక కనిపించిన చోటల్లా నా భుజం పట్టుకుని, చెప్పు విడిచి, పాదం మోపి, మళ్ళీ తొడుక్కునేది. మా అమ్మాయికి వెతకడం ఆట అయిపోయింది. "నానమ్మా, ఇంకొకటి!" అని ముందు పరుగెత్తేది. ఒక్క ఊళ్ళో ఇంతమంది దాతలా అని నా భార్య ఆశ్చర్యపోయింది. ఊరు బాగుండటానికి కారణం అదేనని నేను జవాబిచ్చాను.

దోహా తిరిగి వచ్చాం. బడి తెరిచారు. సెలవుల్లో చూసిన ఒక విశేషం గురించి తరగతిలో మాట్లాడమని మా అమ్మాయికి చెప్పారు. ఆమె దాతల పలకలనే ఎంచుకుంది. ఒక సాయంత్రం నా భార్య చాయ్ పెడుతోంది, అమ్మ నేల మీద పేపరు పరుచుకుని పుంటికూర తెంపుతోంది. మా అమ్మాయి ఫ్రిజ్ మీది ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టి, దాని మీదికి నా ఫోన్ కెమెరా పట్టింది. అలా పడితే పరభాష అక్షరాల చోట ఇంగ్లీషు మాటలు తేలుతాయి.

"డాడీ, డోనర్ అని రావట్లేదు" అంది.

మరేమని వస్తోందని అడిగాను. ఇక్కడ ఉండేవారు అని వస్తోందట. దాతల ఇల్లు అదే అయ్యుంటుందన్నాను.

"కింద మర్డర్డ్ అని వస్తోంది."

నా భార్య వంటగదిలోంచి నవ్వింది. అంతకు ముందు వారమే అదే ఫోన్ ఒక కందిపప్పు ప్యాకెట్ మీది అరబ్బీని చదివి, లోపల కోపంగా ఉన్న పప్పు ఉందని చెప్పింది. నేనూ నవ్వాను. ఫోన్ తీసుకుని నేనే పట్టాను. మొదటి పలక మీద పట్టాను. రెండో దాని మీద పట్టాను. మూడో దాని మీద పట్టాను. మాటలు వణుకుతూ మారుతూ చివరికి మూడింటి మీదా ఒకే మాట దగ్గర నిలబడ్డాయి. దాని పక్కన ఉన్న ఏడాది, నేను దానం చేసిన ఏడాది అని చెప్పిందే.

"ఏందట?" అంది అమ్మ, ఆకు తెంపుతూనే.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను ఇంకా ఫోన్ వైపే చూస్తుంటే తనే చెప్పింది. "నానమ్మా, వీళ్ళను చంపేశారంట."

"ఎవర్ని?"

"ఈ నలుగురిని."

చివరి వరుసలో ఒస్వెతిమ్ అని ఒక ఊరి పేరుంది. అది ఎక్కడని వెతికాను. పోలండ్‌లోని ఊరు. చెక్ భాషలో దానికి ఆ పేరు. జర్మన్‌లో దాని పేరు ఆష్విట్జ్.

ఆ పేరు నాకు తెలుసు, యుద్ధంలో యూదులను లక్షల్లో తీసుకుపోయి చంపిన చోటు. దాని మీద లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకాలు నా మంచం పక్కన వారాల తరబడి ఉన్నాయి. రైళ్ళ గురించి తెలుసు, విషవాయువు గదుల గురించి తెలుసు. అంతా తెలుసు, కాని ఆ పేరు ఇత్తడి మీద, ఒక ఇంటి ముందు, నా బూటు అంచున ఉంటే తెలియలేదు. నా భార్య చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మ చేతిలో పుంటికూర కాడ అలాగే ఉంది.

"నేను ఎవరి మీద నిలబడ్డ?" అంది అమ్మ.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

శుక్రవారం లైబ్రరీ తలుపులు తెరిచే వేళకే వెళ్ళి కూర్చున్నాను. ఒక జర్మన్ శిల్పి మొదలుపెట్టిన పని అట. చంపబడినవాళ్ళు తమ ఇష్టంతో చివరగా ఉన్న ఇల్లు ఏదో కనుక్కుని, ఆ గుమ్మం ముందు నేలలో పేరు పెడతారు. ఐరోపాలో ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. ప్రాగ్ కోసం నేను యాత్రల అరలోంచి పుస్తకాలు తీశాను, ఈ సంగతి రెండు అరల అవతల ఉంది. ఎదురుగా ఒక ఖతరీ కుర్రవాడు పరీక్షకు చదువుకుంటున్నాడు. నేను చాలాసేపు పేజీ తిప్పకపోయేసరికి, ఒంట్లో బాగాలేదా అని అడిగి మంచినీళ్ళ సీసా జరిపాడు.

ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. అమ్మకు ఆ యుద్ధం గురించి అంతవరకు ఏమీ తెలియదు. వాళ్ళు చేసిన తప్పేమిటని అడిగింది. ఏ తప్పూ లేదన్నాను. మరి పసివాడిని ఎందుకని అడిగింది. పుస్తకాల్లో దానికి కారణాలు చాలా రాసి ఉన్నాయి. ఒక్కటీ అమ్మకు చెప్పదగ్గది కాదు.

"పేర్లు తొక్కాలని పెట్టిండ్రా, తొక్కద్దని పెట్టిండ్రా?"

అక్కడివాళ్ళలోనే ఆ తగాదా ఉందని చెప్పాను. పేర్లు కాళ్ళ కింద ఉండటం అవమానమని కొందరు ఒప్పుకోలేదు. పెట్టినవాళ్ళు మాత్రం, పేరు చదవాలంటే ఎవరైనా వంగాల్సిందే కదా, ఆ వంగడమే మర్యాద అంటారు.

అమ్మ తన మోకాళ్ళ వైపు చూసుకుంది. "మనం వంగలే. ఫోటో దిగినం" అంది.

పెత్రమాస దగ్గర పడుతోంది. భాద్రపద అమావాస్యను మా వైపు అలా అంటాం. పోయినవాళ్ళ పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. దోహాలో మా వైపు కుటుంబాలకు ఒక అయ్యగారున్నారు. వారమంతా ఒక ఆఫీసులో లెక్కలు రాస్తారు, ఇలాంటి రోజుల్లో ఇంటింటికీ వస్తారు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఒక్క పెత్రమాస కూడా తప్పలేదు. ఖతర్ వచ్చాక కూడా తప్పలేదు. ఆ రోజు నాన్నకు ఇష్టమైన సొరకాయ కూర వండి, ఆయన పేరు తన నోటితో చెప్తుంది. ఏడాది మొత్తంలో అమ్మ ఆయన పేరు పలికేది ఆ ఒక్క రోజే.

ఈసారి నేను సొరకాయ తెస్తానంటే వద్దంది.

"మీ నాయిన పేరు ఏ మొహం పెట్టుకుని చెప్పాలె? మందిని పిలిచి పిలిచి ఆయన పేరు తొక్కమంటి. అదే కాలు తీస్కపోయి పసిపిల్లగాని మీద పెట్టి మొక్కితి. ముందుగాల ఆ పిలగాని సంగతి చూడు. అది కానంత వరకు నేను బియ్యం ముట్ట."

అమ్మ అన్నదంటే అన్నదే. నా భార్యకు భయం పట్టుకుంది. అత్తమ్మ సరిగ్గా తినడం లేదు, ఊరి నుంచి ఫోన్ వస్తే ఎత్తడం లేదు, పడుకునేటప్పుడు కాళ్ళు కడుక్కోవడం ఎక్కువైంది అని చెప్పింది. అని ఊరుకోలేదు. "మీ పుస్తకాల్లో తలెత్తి చూసేవన్నీ ఉన్నాయి. కింద చూసేది ఒక్కటీ లేదు" అంది.

నేను అయ్యగారికి ఫోన్ చేశాను. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు, కాని వాళ్ళు మన పద్ధతివాళ్ళు కారు, పైగా మూడేళ్ళు నిండని పిల్లలకు మనలో బియ్యం ఇవ్వరు అన్నారు. మళ్ళీ తనే, "వాళ్ళకూ ఒక పద్ధతి ఉంటది గదా, అది కనుక్కోరాదు?" అన్నారు.

పద్ధతి కనుక్కోవడం నాకు కష్టం కాదు. కష్టమంతా పేరుతోనే వచ్చింది. మా అమ్మాయి సిగ్గుపడి దాచేసిన ఫోటోను అమ్మ తెప్పించుకుంది. కళ్ళజోడు పెట్టుకుని తన పాదం మీద వేలు ఉంచింది.

"దీని కింద ఏముంది?"

మాలో ఎవరికీ తెలియదు. ఆ రోజు నేను ఏళ్ళు చదివాను, పేర్లు చదవలేదు. మిగతా ముగ్గురి పేర్లు ఫోటోలో స్పష్టంగా ఉన్నాయి. తండ్రి, తల్లి, మా అమ్మాయి ఈడు కూతురు. నాలుగో పేరును అమ్మ పాదాలు రెండూ పూర్తిగా కప్పేశాయి. ఫోన్‌లో ఉన్న ఫోటోలన్నీ వెతికాం. ప్రతి దాంట్లోనూ అమ్మ ముందుగానే పలక మీద నిలబడి ఉంది. అమ్మ ఆ ఫోటోల వైపు ఒకటి తర్వాత ఒకటి చూస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

చివరికి దారి చూపించింది ఆ ఇంటి తలుపే. మా అమ్మాయి ఆ తలుపుకు ఆనుకుని నవ్వుతున్న ఫోటో ఒకటి ఉంది. తల పక్కన గోడకు ఎర్ర పలక ఒకటి, నీలం పలక ఒకటి, రెండింటి మీదా అంకెలు. ప్రాగ్ ఇళ్ళకు రెండు నంబర్లుంటాయని, ఎరుపుది నమోదైన వరసకు, నీలంది వీధి వరసకు అని నేను ఆ రోజు వీళ్ళకు పాఠం చెప్పాను. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆ నంబరూ వీధి పేరూ పట్టుకుని లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఊళ్ళో ఏ గుమ్మం ముందు ఎవరి పలకలున్నాయో కొందరు ఓపికగా సేకరించి పెట్టారు. మా ఫోటోలో ఉన్న మూడు పేర్లూ వరసగా కనిపించాయి. వాటి కింద నాలుగోది.

మగపిల్లవాడు. రెండక్షరాల పేరు. పుట్టిన తేదీ, చంపిన తేదీ ఉన్నాయి. మధ్యలో మూడో పుట్టినరోజు రాలేదు. తల్లిదీ అక్కదీ కూడా అదే తేదీ. నేను కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఎందుకు లేచానో తెలియదు, ఎటూ వెళ్ళలేదు. పిల్లల విభాగంలోంచి ఎవరో కథ చదువుతున్న గొంతూ పిల్లల నవ్వులూ వినబడుతున్నాయి.

ఇంటికి వచ్చి పేరు చెప్పాను. అమ్మ పెదవులు కదిపి చూసుకుంది. పెద్ద పేర్లు రానే రావు గాని, ఆ రెండక్షరాలూ తేలిగ్గా వచ్చాయి. రావడంతోనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి పక్కన కూర్చుని నానమ్మ మోచేయి పట్టుకుంది. మర్నాడు బడిలో తను ఆ పాదాల ఫోటో చూపించలేదు. నాలుగు పేర్లు బోర్డు మీద రాసి, మేం ఏమనుకున్నామో, అది ఏమిటో చెప్పిందట. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగితే, బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు డాడీ అంది.

వాళ్ళ పద్ధతి చెప్పమంది అమ్మ. సమాధి దగ్గరకు వెళ్ళినవాళ్ళు పూలు పెట్టరు, చిన్న రాయి పెట్టి వస్తారు, పోయిన రోజున దీపం వెలిగిస్తారు అని చదివింది చెప్పాను. నా భార్యకు అనుమానం, మన ఇంట్లో మనం పెడితే వాళ్ళకు నచ్చుతుందా అని. "నచ్చుతదో లేదో అడుగుదామంటే ఎవ్వరు మిగిలిండ్రు బిడ్డా" అంది అమ్మ.

పెత్రమాస నాడు సెలవు పెట్టాను. పొద్దున్నే అమ్మ తలస్నానం చేసి బయటికి నడిచింది. మా ఇళ్ళ వెనక ఇంకా కట్టని ఖాళీ జాగా ఉంది, ఇసుకా కంకరా తప్ప ఏమీ లేదు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. మా అమ్మాయి ఒక రాయి ఏరబోతే అమ్మ వద్దని ఆపింది. నా భుజం కూడా పట్టుకోలేదు. మోకాలి మీద చేయి ఆనించి, పళ్ళ బిగువున వంగి ఒక రాయి తీసింది. నిలబడి ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ వంగింది. ఒక్కో రాయికీ అంతే. చివరిదానికి చాలాసేపు వెతికింది. రేగిపండంత తెల్లరాయి దొరికాక గాని తృప్తి పడలేదు.

ఇంట్లో వాటిని కడిగి, ఎవరి కాలూ తగలని ఎత్తులో, కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. దీపం వెలిగించింది. పెద్దరాళ్ళ దగ్గర మా అమ్మాయి పేర్లు చదివింది, అమ్మ తల వంచి విన్నది. తెల్లరాయి దగ్గర మాత్రం తనే చెప్పింది. వేలితో దాన్ని తాకి, ఆ రెండక్షరాలూ మెల్లగా, నిద్రపోయే పిల్లవాణ్ణి పిలిచినట్టు పలికింది.

తర్వాత, అప్పటికే వచ్చి తలుపు దగ్గర కూర్చుని ఉన్న అయ్యగారి వైపు తిరిగింది. బియ్యం పళ్ళెం ముందుకు జరుపుకుంది. సొరకాయ తెచ్చినవా అని నన్ను అడిగింది. తెచ్చానన్నాను.

"అయితే ఇగ మీ నాయినకు ఇద్దాం" అని, కొంగు సర్దుకుని, ఆయన పేరు చెప్పింది.